కుప్పంలో రైలు ఆగిన పొద్దు

మా ఇంట్లోకి ప్రపంచం సాయంత్రం ప్రార్థనలో వచ్చేది. నాన్న పుంగనూరులో మిషన్ ఆస్పత్రి కాంపౌండరు. డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, రేడియోలో వార్తలు విన్నాకే మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టేవాడు. మా చదువులకూ, అమ్మ ఆయాసానికీ, వానలకూ ప్రార్థించాక, ఆ రోజు విన్న దేశాల వంతు వచ్చేది. వియత్నాంలో బాంబుల కింద ఉన్న బిడ్డల్ని కాపాడమనేవాడు. తూర్పు పాకిస్తాన్ నుంచి నడిచి వస్తున్న జనానికి తిండి చూపమనేవాడు. చిలీలో ప్రభుత్వాన్ని కూలదోశారని విన్న రోజు, ఆ దేశం ఎక్కడుందో ఆయనకు తెలియలేదు. కాసేపు ఆగి, "అది యాడుండాదో నీకు తెలుసు గదా తండ్రీ" అని ముగించాడు. అక్కా నేనూ నవ్వాపుకోలేక ఒకరినొకరం గిల్లుకున్నాం.

మదనపల్లె కాలేజీకి వచ్చాక ప్రార్థనల కంటే ఊరేగింపులు నచ్చాయి నాకు. పక్క దేశంలో మాజీ ప్రధానిని ఉరి తీసినప్పుడు మేము క్లాసులు వదిలేసి బస్టాండు దాకా నడిచాం. ఆయన ఎవరో, ఏం చేశాడో నాకు సరిగ్గా తెలియదు. ముందు వరసలో నడుస్తూ గొంతు పోయేలా అరిచాను. ఎవరిదో దిష్టిబొమ్మ కాల్చారు. దాని చెయ్యి ఊడి కాలవలో పడితే, నేనే దాన్ని తీసి మళ్లీ మంటలో వేశాను. హాస్టల్‌కి వచ్చి, ఏదో గొప్ప పని చేసినట్టు హాయిగా నిద్రపోయాను.

కుప్పంలో టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. స్టేషన్‌కు దగ్గర్లో ఒక విధవరాలి ఇంట్లో గది తీసుకున్నాను. యాభై దాటిన మనిషి. పొద్దున్నుంచీ పీట ముందర కూర్చుని అగరబత్తీలు చుట్టేది. ఆ ఇంట్లో గాలికి కూడా బొగ్గుపొడి, గంధం కలిసిన వాసన ఉండేది. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, కోపం వస్తే రెండూ మాట్లాడేది. నన్ను 'పాపా' అనేది. నేను 'అమ్మా' అనేదాన్ని.

ఆమెకు ఒకే ఒక అన్న. పదేళ్ల వయసులో మేనమామ వెంట సిలోన్‌కు పోయాడట. ఆ మేనమామ తేయాకు తోటలో కూలీల మీద మేస్త్రీ. మేనమామ చనిపోయాక కూడా అన్న అక్కడే ఉండిపోయాడు. బదుళ్ల అనే ఊరి పక్కన కొండ మీద తోట. పెళ్లి, కూతురు, అంతా అక్కడే. వాళ్లమ్మ పోయినప్పుడు ఒక్కసారి వచ్చి పది రోజులు ఉన్నాడు. ఏడాదికి రెండు నీలం ఉత్తరాలు రాసేవాడు. ఆమెకు చదువు రాదు. తమిళం చదవగలిగిన వాళ్లని పిలిచి చదివించుకునేది.

ఎనభై మూడు జూలై చివర్లో సిలోన్ తగలబడుతోందని రేడియో చెప్పింది. తమిళుల ఇళ్లు, అంగళ్లు కాలుస్తున్నారని, వీధుల్లో మనుషుల్ని ఈడ్చి చంపుతున్నారని పేపర్లు రాశాయి. కుప్పంలో సగం మంది ఇళ్లలో తమిళం. వాళ్లకి అది పొరుగింటి మంట. మద్రాసు పేపరు రైల్లో వచ్చేసరికి స్టేషన్ ముందు జనం మూగేవారు. ఒకరు గట్టిగా చదివితే మిగతా వాళ్లు వినేవారు. టీ అంగడి ముందర బల్లలు చాలక మనుషులు నిలబడే వాదించుకునేవారు. సైన్యాన్ని పంపాలని కొందరు, పంపితే అక్కడ మిగిలిన వాళ్లని కూడా చంపుతారని కొందరు. నేను ఇంగ్లీషు పేపరు తెచ్చి మా ఓనరమ్మకు తెలుగులో చెప్పేదాన్ని. ఆమె బత్తీ చుట్టడం ఆపకుండా వినేది. చివర్లో ఒకటే అడిగేది.

"బదుళ్ల పేరు ఉండాదా?"

మూడు రోజులు లేదు. నాలుగో రోజు ఉంది. ఉందని చెప్పాను. ఆమె పీట పక్కకు తోసి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మా బడిలో టీచర్లందరం వారం రోజులు నల్లబ్యాడ్జీలు పెట్టుకోవాలని తీర్మానించాం. ఆ ఆదివారం నేను బెంగళూరులో కాన్పయిన అక్కను చూడ్డానికి పోయాను. సెలవు పెట్టి ఒక రోజు ఎక్కువ ఉండి, మంగళవారం తెల్లవారి మద్రాసు రైలెక్కి తిరిగి బయల్దేరాను. భుజం మీద బ్యాడ్జీ అలాగే ఉంది.

నా ఎదుటి సీట్లో ఒక ముసలి దంపతులు కూర్చున్నారు. ఆయన ఒక కంటికి గంతలాగా ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది. రైలు కుదిపినప్పుడల్లా ఆమె ఆయన తలను రెండు చేతులతో పట్టుకుంటోంది. కంటి ఆపరేషన్ అయి పది రోజులైందని, కుదుపులు తగలకూడదన్నారని ఇంగ్లీషులో చెప్పింది. మద్రాసుకు పోయి అక్కణ్నుంచి విమానమట. నేను వాళ్లని మలయాళీలనుకున్నాను. బంగారుపేట దాటాక ఆమె నా భుజం వైపు చూసి, ఆ నల్లగుడ్డ ఎందుకని అడిగింది.

సిలోన్‌లో మా వాళ్లను చంపుతున్నందుకు అని చెప్పాను. అంతటితో ఆగలేదు. పేపర్లో చదివినవన్నీ చెప్పాను. సింహళం వాళ్లు మనుషులు కారన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. తర్వాత నా వైపు వంగి, చాలా చిన్నగా, తాము క్యాండీ నుంచి వచ్చామని, తాము సింహళం వాళ్లమని చెప్పింది. చెప్పకుండా ఉండొచ్చు. ఎందుకు చెప్పిందో నాకు ఆనాడు అర్థం కాలేదు. నేను ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియక చేతిసంచీ సర్దుకోవడం మొదలుపెట్టాను. పక్క సీటాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

గుడుపల్లె దాటాక రైలు నెమ్మదించింది. పది గంటలకు కుప్పంలో ఆగింది. ఇంజను విప్పేశారు. తమిళనాడంతా బందు, సాయంత్రం దాకా బండి ముందుకు పోదని స్టేషన్ వాళ్లు చెప్పుకుంటూ పోయారు. ప్లాట్‌ఫారం మీద నల్లజెండాలతో వందమంది దాకా ఉన్నారు. మా ఊరి కుర్రాళ్లు కొందరు, జోలార్‌పేట తట్టు నుంచి లారీలో వచ్చిన వాళ్లు కొందరు. పెట్టె పెట్టె ఎక్కి, సింహళం వాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నారు. మా ముందు పెట్టెలోంచి ఒకాయన్ని చొక్కా పట్టుకుని కిందికి లాగారు. ఆయన ఏదో అరుస్తున్నాడు. రెండు దెబ్బలు పడ్డాక, ఆయన మంగళూరు మనిషని తేలింది. వదిలేశారు. చొక్కా దులుపుకుంటూ ఆయన ఏడుస్తున్నాడు.

నేను సంచీ తీసుకుని దిగిపోయాను. ఆ ముసలామె నన్ను పిలవలేదు. నేను వెనక్కి చూడలేదు. గేటులో టికెట్టు ఇచ్చి బయటికి వచ్చి, జట్కాలు నిలబెట్టే చోటు దాకా నడిచాను. నాకేం సంబంధం అనుకున్నాను. వాళ్లు మా ఓనరమ్మ అన్నను ఏం చేశారో అనుకున్నాను. కానీ కాళ్లు ముందుకు పడలేదు. ఆ గుడ్డ కట్టిన కన్నే గుర్తొచ్చింది. ఒక్క దెబ్బ తగిలితే అది పోతుంది. కాంపౌండరు కూతురిని, నాకా మాత్రం తెలుసు.

ప్లాట్‌ఫారం టికెట్టు కూడా తీసుకోకుండా గూడ్సు షెడ్డు పక్కనుంచి లోపలికి పోయాను. వాళ్లు ఇంకా మా పెట్టె దాకా రాలేదు. ముసలామె భర్త తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నా బ్యాడ్జీ విప్పి ఆమె భుజానికి పిన్ను పెట్టాను. ఆమె వద్దనలేదు. ఒక్కసారి నా చేయి పట్టుకుని వదిలింది. ఎవరు ఏం అడిగినా నోరు విప్పొద్దని, నేనే చెబుతానని అన్నాను.

గేటు దగ్గర మా వీధి అబ్బాయి ఒకడు నిలబడి ఉన్నాడు. ఇరవై రెండేళ్లుంటాయి. ఊళ్లో ఈ నల్లజెండాల ఊరేగింపులకు వాడే పెద్ద. ఎవరు వీళ్లు టీచరమ్మా అని అడిగాడు. మాకు కావలసిన వాళ్లు, కంటికి ఆపరేషన్ అయింది అన్నాను. వాడు ఆమె భుజం చూశాడు. జనాన్ని పక్కకు తోసి మాకు దారి చేశాడు.

ఇంటికి తీసుకుపోయి, రైల్లో పరిచయమైన వాళ్లని, బందు వల్ల చిక్కుకున్నారని ఓనరమ్మకు చెప్పాను. ఎవరని ఆమె అడగలేదు. చాప పరిచింది. ముసలాయనకు తల కింద పెట్టుకోను పాత చీర మడిచి ఇచ్చింది. రాగిసంగటి కెలికి, అనపగింజల పులుసు పోసి ముగ్గురికీ పెట్టింది. ముసలాయన ఒక ముద్ద తిన్నాడు. గొంతు పట్టిందేమో, భార్య వైపు చెయ్యి చాపి, "వతుర" అన్నాడు.

వడ్డిస్తున్న ఓనరమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది. ఆమె నీళ్ల చెంబు ఆయన ముందు పెట్టింది. తర్వాత నన్ను పెరట్లోకి రమ్మంది.

"మా అన్న వచ్చినప్పుడు బిడ్డలకి ఆ మాట నేర్పించినాడు" అంది. "నీళ్లను అట్లా అనేది ఎవురో నాకు తెలుసు పాపా. నువ్వు తెలిసే తెచ్చినావా?"

తెలిసే తెచ్చానన్నాను.

ఆమె తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. తిడుతుందనుకున్నాను. వెళ్లగొడుతుందనుకున్నాను. వెళ్లగొట్టినా నేను తప్పు పట్టేదాన్ని కాదు. కాసేపటికి, "తినేది కానిచ్చి, ఆ తర్వాత సూస్తాం" అని లోపలికి పోయింది. వాళ్ల ఆకుల్లో ఇంకో గరిటె పులుసు పోసింది. మళ్లీ వాళ్ల ముఖం చూడలేదు.

వాళ్లు చేతులు కడుక్కున్నారో లేదో, వీధిలో అడుగుల చప్పుడు. ఆరేడుగురు. ముందర మా వీధి అబ్బాయే. మా పెట్టెలో పక్క సీటాయన వీళ్లది సిలోన్ అని చెప్పేశాడని నాకు వెంటనే తెలిసిపోయింది. లోపల ముసలామె భర్తను గోడ వైపు జరిపి తను అడ్డం కూర్చుంది. నేను లేవబోయాను. ఓనరమ్మ నన్ను కూర్చోమని సైగ చేసి, తనే పోయి గడపలో నిలబడింది.

"పెద్దమ్మా, సిలోన్ నుంచి వచ్చినోళ్లు మీ ఇంట్లో ఉండారంట?"

ఆమె జవాబు చెప్పడానికి ఎంతసేపు తీసుకుందో నేను చెప్పలేను. ఒక్క మాట చాలు. తన అన్న ఎట్లా ఉన్నాడో, ఉన్నాడో లేదో ఆమెకు తెలియదు. అట్లా చేసిన జాతి మనుషులు ఇద్దరు ఆమె చాప మీద ఉన్నారు.

"ఉండారు" అంది.

గడప మీంచి కదల్లేదు.

"మా అన్న ఉండే కొండల తట్టునుంచే వచ్చినారు. ఆయప్పకి కంటికి కోత కోసినారు. ఏం కావల మీకు?"

వీధిలో అందరికీ ఆమె అన్న సంగతి తెలుసు. వీళ్లూ అక్కణ్నుంచి పారిపోయి వచ్చిన తమిళులే అనుకున్నాడు, ఆ అబ్బాయి ముఖం మారిపోయింది. గడప బయటే చెప్పులు విడిచాడు. తొంగి చూశాడు. నల్లబ్యాడ్జీతో, కళ్లనిండా నీళ్లతో కూర్చున్న ముసలామె కనిపించింది. రెండు చేతులూ జోడించాడు. వెనక ఉన్న వాళ్లూ జోడించారు. తర్వాత వాడు ఇంకొకటి అడిగాడు. ఆమెను స్టేషన్‌కు తీసుకుపోతారట. అక్కడ తమిళుల కష్టాలు జనానికి తన నోటితో చెబితే చాలట.

"మనిషి నిద్రపోయి ఎన్ని దినాలైందో. ఆయమ్మ చేత మాట్లాడిస్తారా?" అంది ఓనరమ్మ. గొంతు పెంచలేదు. "పోండప్పా. ముసలాయన్ని పండుకోనీండి."

వాళ్లు తలలు దించుకుని పోయారు. అయిపోయిందనుకునేలోగా ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు. నాలుగు లేత టెంకాయలు, ఒక పొట్లం బన్నులు గడప మీద పెట్టి, లోపలికి కూడా చూడకుండా వెళ్లాడు. ఓనరమ్మ కత్తి తెచ్చి ఒక టెంకాయ కొట్టి, ముసలాయన నోటికి అందించింది. ఆయన తాగుతుంటే, ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పిన్ను విప్పబోయింది. ఓనరమ్మ ఆ చేతిని పక్కకు జరిపింది. రైలెక్కే దాకా ఉండనీ అని నా చేత చెప్పించింది.

మధ్యాహ్నమంతా బత్తీల పీట ముందర కూర్చున్నా ఓనరమ్మ ఒక్క బత్తీ చుట్టలేదు. నాలుగు గంటలకు ఆమె నన్ను పిలిచి, అడగమంది. బదుళ్లలో ఏం జరిగిందో వాళ్లకేమైనా తెలుసా?

ముసలామె తెలియదంది. తాము జూలై మొదట్లోనే ఆస్పత్రికి వచ్చేశామంది. క్యాండీలో వాళ్ల పక్కిల్లు ఒక తమిళ టీచరుదట. ముప్పై ఏళ్లుగా గోడకు ఆ పక్క ఈ పక్క. ఆ ఇల్లు ఉందో లేదో తెలియదంది. తర్వాత తల వంచుకుని ఇంకో మాట అంది. తన కొడుకులిద్దరూ అక్కడే ఉన్నారట. ఆ రోజుల్లో వాళ్లు ఇంట్లో ఉన్నారో, వీధిలో ఉన్నారో, తను ఇంటికి పోయాక వాళ్లని అడగాలట. అడగడానికి భయంగా ఉందంది. నేను ఇవన్నీ తెలుగులో చెప్పాను. ఓనరమ్మ విని, లేచి, అన్న పాత ఉత్తరం ఒకటి తెచ్చింది. వెనకాల ఉన్న చిరునామా కాగితం మీద ఎక్కించమంది.

"ఈడనుంచి జాబులు పోవడం లేదంట. ఆయమ్మని ఆడికి పోయి సూడమను. ఏమి సూస్తే అది రాయమను. దాచిపెట్టి రాయొద్దని సెప్పు."

ఆరు గంటలకు బందు విడిచింది. బండికి ఇంజను తగిలించారు. మేమిద్దరం వాళ్లతో స్టేషన్‌కు నడిచాం అనుకుంటారేమో. కాదు. ఓనరమ్మ రాలేదు. వీధి మొదట్లో నిలబడి చూసింది. నేనే ఎక్కించి వచ్చాను. ముసలామె కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని బండి కదిలే దాకా వదల్లేదు. నేను సింహళం వాళ్లు మనుషులు కారన్న మాటకు క్షమాపణ చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను.

ఉత్తరం నవంబరులో, నేను ఇచ్చిన మా బడి అడ్రసుకు వచ్చింది. ఇంగ్లీషులో నాలుగు పేజీలు. భర్త కన్ను నిలిచిందని రెండు వాక్యాలు. మిగిలిందంతా బదుళ్ల గురించే. ఆమె ఒక్కతే బస్సెక్కి పోయింది. కొడుకులు వద్దంటే పోట్లాడి పోయింది. తోటలో కూలీల ఇళ్ల వరస కాలిపోయి ఉంది. గోడలున్నాయి, పైకప్పులు లేవు. అన్న మోకాలు నొప్పి వల్ల పరిగెత్తలేకపోయాడట. పక్కింటి వాళ్లు తెల్లారి వచ్చి ఆయన్ని పాతిపెట్టారట. భార్యా కూతురూ తేయాకు పొదల్లో దాక్కుని బతికారు. ఒక బడిలో తలదాచుకుని ఉన్నారు, ఇండియాకు వచ్చే పడవ కోసం పేరు రాయించుకున్నారు. ఆమె వాళ్లని కలిసింది. వాళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఆమె చీరలు, బియ్యం పెట్టి వచ్చింది. తీసుకున్నారో లేదో చూడకుండా వచ్చేశానని రాసింది. చివర్లో, తన కొడుకులను అడిగానని, చిన్నవాడు జవాబు చెప్పలేదని రాసింది.

నేను ఒక్కో వాక్యం తెలుగు చేసి చదివాను. ఓనరమ్మ ఏడవలేదు. "ఆ పొద్దు నేను వాళ్లకి సంగటి పెట్టినాను" అంది. "మా అన్న తలుపు ముందర ఎవురైనా నిలబడినారా పాపా?"

ఉత్తరం మడిచి ఆమె చేతిలో పెట్టాను.

మరుసటి ఏడాది ఓనరమ్మ వదినా, మేనకోడలూ పడవ దిగి, క్యాంపులో కొన్ని నెలలుండి, కుప్పం వచ్చారు. ఆ పొద్దు మా ఇంట్లో తిన్నవాళ్లు సింహళం వాళ్లని అప్పుడే వదిన మాటల్లో వీధికంతా తెలిసింది. వదిన పది రోజులు ఓనరమ్మతో మాట్లాడలేదు. ఆమె వండింది తినలేదు. మా వీధి అబ్బాయి ఒక పొద్దు వచ్చి గడపలో నిలబడ్డాడు. మా చేత దండం పెట్టించినావు కదా పెద్దమ్మా అన్నాడు. వాడి గొంతులో కోపం కంటే అవమానం ఎక్కువుంది.

"నేను అబద్ధమేమి సెప్పినాను?" అందామె. "ఆ తట్టునుంచే వచ్చినారు. నువ్వు తెచ్చిన నీళ్లు ఒక ముసలాయన తాగినాడు. తెలిసుంటే ఏం సేసుందువో, నువ్వే ఒకసారి అనుకో."

వాడు వెళ్లిపోయాడు. తర్వాత ఆ ఇంటి ముందు పోయేటప్పుడు తల తిప్పుకునేవాడు. నన్ను చూస్తే మాత్రం ఆగి పలకరించేవాడు.

వదిన మెల్లగా పీట ముందర కూర్చుని బత్తీలు చుట్టడం నేర్చుకుంది. కొండల్లో చలికి అలవాటైన మనిషి, మా ఎండలకు తడిగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చునేది. ఒక రోజు నేను బడి నుంచి వచ్చేసరికి నా కోసమే కాచుకుని ఉంది. నాకు జాబు రాసిన ఆ క్యాండీ ఆమెకు తను ఒక జాబు రాయాలంది. తను చెబుతుంది, నేను ఇంగ్లీషులో రాయాలి.

చీరల గురించి చెబుతుందనుకున్నాను. లేదు. భర్తను పాతిపెట్టిన చోటు చెప్పింది. తోట ఆస్పత్రి మలుపు దగ్గర్నుంచి ఎన్ని అడుగులు, ఎడమ పక్క నీళ్ల కాలవ, దాని పైన మూడో వరస పొదలు. అక్కడ రాయి కూడా లేదట. తోటవాళ్లు పొదలు తీసి మళ్లీ నాటితే గుర్తు పట్టలేమట. ఆ తట్టుకు పోతే, ఒక రాయి పెట్టమని రాయమంది. ఇంకేమైనా రాయాలా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

ఆ జాబు నేనే పోస్టాఫీసులో వేశాను. జవాబు రాలేదు. అప్పటికి అక్కడ యుద్ధం పెద్దదైంది. అందలేదో, అంది కూడా రాయలేకపోయిందో తెలియదు. ఎనభై ఆరులో నాకు పుంగనూరుకు బదిలీ అయింది. సామాను బండికెక్కిస్తుంటే వదిన బయటికి వచ్చి, జాబు ఏదైనా పాత బడి అడ్రసుకు వస్తే తెచ్చి ఇచ్చేలా ఎవరికైనా చెప్పి పొమ్మంది. మా హెడ్‌మాస్టరుకు చెప్పాను.